నీలం వైరు

మా నాయన ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీలో డ్రైవరు. నంద్యాల డిపో. ఎక్కువగా తోలింది ఆత్మకూరు, దోర్నాల మీదుగా వెళ్లే శ్రీశైలం సర్వీసు. శివరాత్రి రోజుల్లో నిద్ర లేకుండా ఆ ఘాట్ ఎక్కి దిగేవాడు. అలాంటి మనిషిని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, పోయిన అక్టోబరులో నేను ఒక కొండ దింపాను. ఆయన అరిచే పరిస్థితి తెచ్చాను. మా నాయన బండిలో అరవడం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

డల్లాస్‌కి కాస్త పైన మెకిన్నీలో ఉంటాం మేము. నేనూ, నా భార్యా ఇద్దరం సాఫ్ట్‌వేరే. అమ్మా నాయనా ఆరు నెలలకని వచ్చారు. మొదటి రెండు నెలలూ షాపింగ్ మాళ్లు, గుడి, తెలిసినవాళ్ల ఇళ్లు. తర్వాత ఏం చూపించాలో తోచలేదు. దూరం పోదామంటే అమ్మకి బయట తిండి పడదు. మోటల్ దుప్పట్లు చూస్తే ఆమెకి నిద్ర పట్టదు. అప్పుడు నా భార్య అంది, క్యాంపర్ కొందామని.

క్యాంపర్ అంటే తెలియనివాళ్లకి చెప్పాలి. చక్రాల మీద ఒక గది. మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్, బాత్రూం అన్నీ ఉంటాయి. ఇంజిను ఉండదు, స్టీరింగు ఉండదు. కారు వెనక కొక్కేనికి తగిలించి లాక్కెళ్లాలి. వాడిన క్యాంపర్ ఒకటి మంచి ధరకి దొరికింది. రెండే చక్రాలు. అమ్మ దాన్ని చూసి, "ఇల్లు వెంట పెట్టుకుని పోవచ్చన్నమాట" అని ముందు పొయ్యి వెలిగించి చూసింది.

నా కారు ఏడు సీట్ల ఎస్‌యూవీ. అయిదు వేల పౌండ్ల దాకా లాగగలదని కంపెనీవాళ్లే రాశారు. క్యాంపర్ బరువు సామానుతో కలిపి 3500 పౌండ్ల లోపే, అంటే దాదాపు 1600 కిలోలు. లెక్క సరిపోయింది కదా అనుకున్నాను. బీటెక్ మెకానికల్ చదివినవాణ్ణి. ఆ తర్వాత కోడ్ రాసుకుంటూ బతుకుతున్నాను, అది వేరే సంగతి. అయినా లాగడం వేరు, ఆపడం వేరు అన్నంత చిన్న విషయం తట్టలేదు.

కారుకీ ట్రైలర్‌కీ మధ్య ఒక కరెంటు ప్లగ్గు ఉంటుంది. నా కారుకి ఉన్నది నాలుగు వైర్ల ప్లగ్గు. వెనక లైట్లకి ఒకటి, కుడి ఎడమ ఇండికేటర్లకి రెండు, ఎర్తుకి ఒకటి. బ్రేకు లైటు ఆ ఇండికేటర్ వైర్ల మీదే వెలుగుతుంది. క్యాంపర్‌కి ఉన్నదేమో ఏడు పిన్నుల ప్లగ్గు. అందులో అదనంగా ఒక నీలం వైరు ఉంటుంది. అది ట్రైలర్ చక్రాల బ్రేకులకి పోయే వైరు. అమ్మినాయన నవ్వుతూ ఒక అడాప్టర్ చేతిలో పెట్టాడు. ఏడుని నాలుగు చేసేది. లైట్లు వెలిగాయి. "టెక్సాస్‌లో ఇంత చిన్న బండికి బ్రేకులు అక్కర్లేదు, చట్టమే అడగదు" అన్నాడు. ఇంటికొచ్చి చూశాను. నిజమే. ఇక్కడ 4500 పౌండ్ల లోపు ట్రైలర్‌కి సొంత బ్రేకులు తప్పనిసరి కాదు. చాలా రాష్ట్రాల్లో ఆ హద్దు 3000. కాలిఫోర్నియాలో అయితే 1500. ఒకే బండి, ఒకే బరువు. సరిహద్దు దాటితే న్యాయం మారిపోతుంది.

బయల్దేరే రోజు పొద్దున నాయన బండి చుట్టూ తిరిగాడు. డ్యూటీ ఎక్కే ముందు బస్సు చుట్టూ తిరిగినట్టే. టైర్లని కాలితో తన్ని చూశాడు. వంగి చక్రం వెనక చూశాడు. లేచి అడాప్టర్‌ని పట్టుకున్నాడు.

"ఈ చక్రాలకు బ్రేకులుండాయి కదరా. దీని వైరు యాడికి పోతాంది?"

"యాడికీ పోదు నాయనా. మన కారుకి లైట్ల వరకే ఉంది. ఇక్కడ ఇంత చిన్నదానికి బ్రేకులక్కర్లేదు. రూలే లేదు."

"రూలు లేదా" అన్నాడు. ఒక్క నిమిషం నిలబడ్డాడు. "సరే" అని వెళ్లి కారెక్కాడు.

ఆ 'సరే' గురించి నేను తర్వాత చాలా ఆలోచించాను.

మేం పోయింది పాలో డ్యూరో కాన్యన్. టెక్సాస్‌కి పైన, అమరిల్లో దగ్గర. మా ఇంటి నుంచి 350 మైళ్ల పైమాటే. ఎర్ర మట్టి, ఎర్ర రాయి. చదును నేల మీద పోతూ పోతూ ఉంటే హఠాత్తుగా భూమి కింద దాదాపు 800 అడుగుల లోతు తెరుచుకుంటుంది. మకాం వేసే చోట్లు అడుగున ఉంటాయి. అక్కడికి దిగే రోడ్డు పది శాతం వాలు. గేటు దగ్గర బోర్డు కూడా పెట్టారు. అమరిల్లో దాకా అంతా పీటలాంటి రోడ్డు. ఎక్కడా గట్టిగా బ్రేకు వేయాల్సిన పని రాలేదు. అందుకే ఆ బోర్డు చదివి కూడా చదవనట్టే పోయాను.

పది శాతం వాలు అంటే ఇంజనీరు భాషలో సులభం. 3500 పౌండ్ల బండి మీ వీపు మీద 350 పౌండ్ల బలంతో తోస్తూ ఉంటుంది. ఆగకుండా. ఇద్దరు మనుషులు వెనక నుంచి నెడుతూ ఉన్నట్టు. మొదటి మలుపు దాకా బాగానే ఉంది. బ్రేకు మీద కాలు పెట్టి మెల్లగా దిగుతున్నాను. మెల్లగా పోతున్నాను కదా, జాగ్రత్తగా ఉన్నానని నా నమ్మకం. ఎదురుగా కొండలు చూసి అమ్మా, నా భార్యా ఫొటోలు తీస్తున్నారు.

రెండో మలుపు దగ్గర వాసన వచ్చింది. కాలిన క్లచ్ వాసన లాంటిది. పెడల్ మెత్తబడింది. నొక్కిన కొద్దీ లోపలికి పోతోంది, బండి మాత్రం తగ్గడం లేదు. వెనక క్యాంపర్ ఒక్కసారి కుదిపింది. కారు తోక కొంచెం పక్కకి జరిగినట్టయింది.

"గేరు దించు" అన్నాడు నాయన.

నేను ఇంకా గట్టిగా బ్రేకు నొక్కుతున్నాను.

"గేరు దించరా!"

అది అరుపు. చెయ్యి దానంతట అదే గేరు మీదికి పోయింది. ఆటోమేటిక్ కారులో మనం ఎప్పుడూ ముట్టుకోని ఆ మాన్యువల్ గాడిలోకి లాగి, రెండుకి, తర్వాత ఒకటికి దించాను. ఇంజిను గోల పెట్టింది. వేగం పడింది. పక్కన కాస్త జాగా కనిపిస్తే అక్కడ ఆపాను. ముందు చక్రాల్లోంచి సన్నగా పొగ. అమ్మ శ్రీశైలం మల్లన్నని తలుచుకుంటోంది. నా భార్య ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం ఎప్పుడూ మంచి సూచన కాదు.

దిగి అరగంట కూర్చున్నాం. నాయన చక్రాల మీద నీళ్లు పోయనివ్వలేదు. "కాలిన ఇనుమ్మీద నీళ్లు పోస్తే వంకరపోతాది. గాలికి ఆరనీ" అన్నాడు. తర్వాత ఒకటో గేరులో అడుగు దాకా దిగాం. "ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాల. ఘాట్లో కొత్త డ్రైవరుకు మొదట చెప్పే మాట ఇదే" అన్నాడు, అదీ నా వైపు చూడకుండా.

రాత్రి అమ్మ ఉప్మా చేసింది. తిన్నాక నాయనా నేనూ బయట కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. చాలాసేపు మాటల్లేవు. తర్వాత ఆయనే మొదలుపెట్టాడు.

"పొద్దున్నే చెప్పాల్సింది. వైరు లేకుండా పోవద్దని. నోటిదాకా వచ్చింది. నువ్వు చదువుకున్నోడివి, ఈ ఊరి రూల్స్ తెలిసినోడివి, నాకేం తెలుసులే అని ఊరుకున్నా. డిపోలో అయితే డీఎం అడ్డమొచ్చినా ఆ బండి తీసేటోణ్ణి కాదు."

నాకు జవాబు దొరకలేదు. పొద్దున నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆయన అడిగింది రూలు గురించి కాదు. వైరు గురించి. నేను రూలు చెప్పి నోరు మూయించాను. కారు యజమాని పుస్తకం అప్పుడు తీసి చదివాను, ఫోన్ లైటు వేసుకుని. నా కారుకి 1000 పౌండ్లు దాటిన ఏ ట్రైలర్‌కైనా సొంత బ్రేకులు ఉండాలని అందులో స్పష్టంగా ఉంది. మూడేళ్లుగా ఆ పుస్తకం గ్లవ్ బాక్సులోనే ఉంది.

మూడు రోజులు అక్కడే ఉన్నాం. తిరిగి వచ్చేటప్పుడు ఎక్కడమే కాబట్టి బ్రేకులతో పని లేదు. తర్వాత చదును రోడ్డు. ముందు బండికి ఆమడ దూరం వదిలి, మెల్లగా ఇల్లు చేరాను. ఆ సోమవారం నుంచి బ్రేకు కంట్రోలర్ల మీద పడ్డాను.

దీని సంగతి చెప్తాను, విసుగనిపిస్తే ఒక పేరా దాటేయండి. ఇలాంటి ట్రైలర్లకి ఉండేవి కరెంటు బ్రేకులు. చక్రం డ్రమ్ములో ఒక విద్యుదయస్కాంతం ఉంటుంది. కరెంటు ఇస్తే అది తిరిగే డ్రమ్ముని అంటుకుని, ఒక మీటని లాగుతుంది. ఆ మీట బ్రేకు షూలని తెరుస్తుంది. ఎంత కరెంటిస్తే అంత పట్టు. ఆ కరెంటు ఎంత ఇవ్వాలో నిర్ణయించే చిన్న పెట్టే కంట్రోలర్. డ్రైవరు దగ్గర ఉంటుంది. నీలం వైరు ద్వారా వెనక్కి పంపుతుంది.

ఈ పెట్టెల్లో ప్రధానంగా రెండు రకాలు. చవకది, బ్రేకు లైటు వెలగ్గానే ముందే పెట్టుకున్న లెక్క ప్రకారం మెల్లగా కరెంటు పెంచుకుంటూ పోతుంది. మీరు ఆవుకోసం గట్టిగా తొక్కినా, సిగ్నల్ దగ్గర మెల్లగా తొక్కినా దానికి ఒకటే. రెండోది బండి ఎంత గట్టిగా నెమ్మదిస్తోందో పసిగట్టి, ఆ మేరకే వెనక బ్రేకులు వేస్తుంది. నాయనకి దీన్ని ఇలా చెప్పాను. బస్సులో నిలబడ్డ ప్రయాణికుడు బ్రేకు వేసినప్పుడు ముందుకి ఎంత తూలుతాడో చూసి, దాన్నిబట్టి వెనక బ్రేకు వేసే మనిషి ఒకడు లోపల ఉంటాడని. "అది కావాల" అన్నాడు, ధర అడక్కుండానే.

ఇంకో రకం కూడా ఉంది. వైర్లు లాగే పనే లేకుండా, వెనక ఏడు పిన్నుల ప్లగ్గుకే తగిలించుకునేవి. సెట్టింగులన్నీ ఫోన్లో. వాటిలో కొన్నింటికి చేత్తో బ్రేకు వేయాలన్నా ఫోన్ మీదే నొక్కాలి. అందరూ సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా నాకు అదే నచ్చుతుందనుకున్నారు. నేను రోజూ రాసే యాప్‌లు ఎలా ఉంటాయో నాకు తెలుసు. ట్రైలర్ ఊగిసలాడటం మొదలుపెడితే కారు బ్రేకు తొక్కకూడదు. వెనక బ్రేకు ఒక్కటే చేత్తో వేసి దాన్ని వెనక్కి పట్టి లాగాలి. ఆ క్షణంలో ఫోన్ అన్‌లాక్ చేసుకోవడం నావల్ల కాదు. చివరికి టెకోన్షా ప్రాడిజీ పీ3 తీసుకున్నాను. రెండో రకమే. చేత్తో నొక్కే మీట ముందే ఉంటుంది.

కొత్త పెద్ద పికప్పుల్లో చాలావాటికి ఇదంతా కంపెనీలోనే బిగించి వస్తుంది. కొన్ని కార్లకి డాష్‌బోర్డు కింద ప్లగ్గు ఉంటుంది, తగిలిస్తే చాలు. నా కారుకి ఏదీ లేదు. శని, ఆదివారాలు రెండూ పట్టాయి.

నాలుగు వైర్లు. నల్లది బ్యాటరీ నుంచి, మధ్యలో 20 ఆంపియర్ల బ్రేకర్ పెట్టి. తెల్లది ఎర్తు. ఎర్రది బ్రేకు పెడల్ స్విచ్చి దగ్గరికి. నీలంది కారు అడుగున వెనక దాకా, సైలెన్సర్ గొట్టానికి దూరంగా. ముందు బ్యాటరీ నెగటివ్ పీకి కారు అడుగుకి దూరాను. నాయన జిప్ టైలు అందిస్తూ పక్కన పడుకున్నాడు. ఆయన లుంగీకి గ్రీజు అంటిందని అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు.

కష్టం వచ్చింది ఎర్ర వైరు దగ్గర. పెడల్ దగ్గర స్విచ్చికి నాలుగు వైర్లు పోతున్నాయి. తొక్కినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే వైరు కావాలి. బ్యాటరీ మళ్లీ తగిలించి చూద్దామంటే, నాయన ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు కట్టి టెస్ట్ ల్యాంపు చేస్తానన్నాడు. నేను వద్దన్నాను. ఈ కార్లలో ఎయిర్‌బ్యాగులు, కంప్యూటర్లు ఉంటాయి, బల్బు ఎక్కువ కరెంటు లాగుతుంది, మల్టీమీటరే పెట్టాలి అన్నాను. ఆయన కాస్త నొచ్చుకున్నట్టున్నాడు. అయినా ఈసారి ఊరుకోలేదు.

నేను ఒక వైరుకి మీటరు పెట్టి, పెడల్ తొక్కి, పన్నెండు వోల్టులు రాగానే ఇదే అన్నాను.

"వదిలి చూసినావా?" అన్నాడు.

వదిలాను. పన్నెండు అలాగే ఉంది. అది ఎప్పుడూ కరెంటుండే వైరు. దానికి కట్టి ఉంటే, నేను బ్రేకు తొక్కకపోయినా తొక్కినట్టే కంట్రోలర్ అనుకునేది. మూడో వైరు దగ్గర దొరికింది. తొక్కితే వచ్చింది, వదిలితే పోయింది. నాయన దాని మీద ఇన్సులేషన్ టేపు ముక్క చుట్టి గుర్తు పెట్టాడు.

పెట్టె ఎక్కడ బిగించాలన్నది కూడా ఆయనే తేల్చాడు. నేను కనపడకుండా ఎడమ మోకాలి పక్కన పెడదామనుకున్నాను, అందంగా ఉంటుందని. ఆయన సీట్లో కూర్చుని కళ్లు మూసుకుని చెయ్యి చాపాడు. స్టీరింగుకి కుడి పక్కన, కింద. "ఈడ. తడుముకునే పని ఉండకూడదు" అన్నాడు. పెట్టె బండి పోయే దిక్కుకి తిన్నగా ఉండాలి, పక్కకి తిరగకూడదు. అది ఒక్కటి నేను చూసుకున్నాను.

సాయంత్రం క్యాంపర్ ఉంచిన స్టోరేజీ లాట్‌కి పోయాం. మా కాలనీ సంఘంవాళ్లు ఇంటి ముందు క్యాంపర్ పెట్టనివ్వరు. పెట్టిన మూడో రోజే ఉత్తరం వస్తుంది. ఏడు పిన్నుల ప్లగ్గు తగిలించగానే ట్రైలర్ తగులుకుందని స్క్రీన్ మీద వచ్చింది. నాయన చప్పట్లు కొట్టాడు. నేను ఆంపియర్లు చూశాను. ఇలాంటి బ్రేకుకి పూర్తి కరెంటిస్తే ఒక్కోటీ దాదాపు మూడు ఆంపియర్లు లాగుతుంది. రెండు చక్రాలకి ఆరు రావాలి. మూడే చూపిస్తోంది.

"ఒకటే పనిచేస్తోంది" అన్నాను.

"ఒక పక్కే పడితే బండి అడ్డం తిరుగుతుంది రా. లేకపోవడమే నయం" అన్నాడు.

కుడి చక్రం వెనక వైరు తెగి ఉంది. ఎప్పుడో ఇరుసుకి ఒరుసుకుని తెగినట్టుంది. అంటే అమ్మినాయనకి కూడా ఆ బ్రేకులు ఎన్నాళ్లుగానో సగమే ఉన్నాయన్నమాట. ఆయనకి తెలుసో లేదో. అతికించి, కుంచించుకునే రబ్బరు గొట్టం తొడిగాను. మీటరు ఆరుకి దగ్గరగా వచ్చింది. ఇంకో విషయం కూడా ఆరోజే బయటపడింది. ట్రైలర్ ఊడిపోతే ఒక పిన్ను లాగేసుకుని దానంతటదే బ్రేకు పడే ఏర్పాటు ఉంటుంది. దానికి విడిగా చిన్న బ్యాటరీ. అది పూర్తిగా చచ్చి ఉంది. ఆ ఏర్పాటు గురించి చెప్తే నాయనకి చాలా నచ్చింది. "మా బస్సుల్లో కూడా అంతే. గాలి పోయిందంటే బండి కదల్దు" అన్నాడు. బ్యాటరీ మరుసటి రోజు కొత్తది వేశాను.

చివరిది, పట్టు ఎంత పెట్టాలో తేల్చడం. చదునైన పొడి రోడ్డు మీద పాతిక మైళ్ల వేగంలో పోతూ, కారు బ్రేకు ముట్టకుండా చేతి మీట పూర్తిగా నొక్కాలి. ట్రైలర్ చక్రాలు బిగుసుకుని ఈడ్చుకుంటే ఎక్కువైనట్టు. బిగుసుకోకుండా గట్టిగా లాగితే సరి. లాట్ వెనక పొడవాటి ఖాళీ దారి ఉంది. చక్రాలు బిగుస్తున్నాయో లేదో లోపల కూర్చుంటే తెలియదు. నాయన దారి పక్కన నిలబడ్డాడు. నేను పోవడం, నొక్కడం, ఆయన చెయ్యి ఊపడం. ఆరోసారి చక్రం కీచుమని మట్టి లేచింది. ఆయన రెండు చేతులూ ఎత్తాడు. కొంచెం తగ్గించాను. మళ్లీ పోయాను. ఈసారి వెనక నుంచి ఎవరో నడుము పట్టుకుని ఆపినట్టు కారు ఆగింది. అద్దంలో చూస్తే నాయన క్యాంపర్ ఒంటి మీద రెండుసార్లు చరిచి, "రైట్, రైట్" అంటున్నాడు.

కారు పక్కకొచ్చి కిటికీలోకి వంగాడు.

"ఒకసారి నేను తోలనా?"

ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచీ ఆయన ఆ మాట అడగలేదు. బయట రోడ్డు మీద అయితే ఇచ్చేవాణ్ణి కాదు. లాట్ కాపలా ఉండే పెద్దాయన్ని అడిగితే, ఖాళీగానే ఉంది కదా, మెల్లగా తిప్పుకోమన్నాడు. నేను దిగి పక్క సీట్లోకి మారాను. ఎడమ చేత్తో గేరు కోసం వెతికి, తలుపుకి చెయ్యి తగిలించుకుని, నవ్వాడు. తర్వాత బండి తీశాడు. ఇరవై మైళ్లకి వచ్చాక, చూడకుండానే కుడి చెయ్యి చాపి మీట నొక్కాడు.

"పట్టి లాగుతాంది రా" అన్నాడు. "మంచిగా లాగుతాంది."

మళ్లీ తిప్పాడు. మళ్లీ నొక్కాడు. దూరంగా మడత కుర్చీలో కూర్చున్న అమ్మకి ఓపిక నశించి, ఇక చాలు ఆపమని కొంగు ఊపుతోంది. నాయన ఆమెకి చెయ్యి ఊపి ఇంకో రౌండ్ కొట్టాడు.